ముప్పై ఒకటో వంతు

1వ రోజు

బరువు 54. జ్వరం లేదు. దగ్గు లేదు. కోపం ఉంది.

ఈ నోటు పుస్తకం దవాఖాన కిటికీలోంచి ఇచ్చారు. స్కానింగ్ అయ్యేదాకా రోజూ బరువు, జ్వరం, దగ్గు రాయాలట. కోపం నేను కలుపుకున్నది. ఖాళీ కాగితం చేతికిచ్చి మూడు ముక్కలే రాయమంటే నా వల్ల కాదు.

పైన కరెంటు పుట్టించే అద్దాల చేనులో దుమ్ము తుడిచి, ఎండ ముదరకముందే కేజ్‌లో కిందికి దిగాను. నా నంబరు బిళ్ల తిరిగి కొక్కేనికి తగిలించబోతుంటే చీటీ వచ్చింది. "బిళ్ల 612, సదయ్య. రక్తంలో రోగ గుర్తు 187. మామూలు 40 లోపు. స్కానింగ్ అవసరం. వంతు 31." అంతే. బెల్లం కోసం ఇచ్చే చీటీలో కూడా ఇంతకంటే ఎక్కువ మాటలుంటాయి.

కిటికీ వెనక గుమాస్తా కనకయ్య ఉన్నాడు.

"నూట ఎనభై ఏడంటే ఏంది సార్?"

"నలభై కన్న ఎక్కువ."

"అది నాకూ తెలుసు!"

"గట్ల ఒర్లకు. కేన్సరే అని ఎవరన్నరు? లోపట ఏ వాపున్నా పెరుగుతది. ఫోటో తీస్తెగాని తెల్వదు."

"ఎప్పుడు తీస్తరు?"

కనకయ్య తల పైకెత్తి గోడ మీది కరెంటు నిల్వ గీతను చూశాడు. కింద ఉన్నంతసేపు మాకు అదే ఆకాశం. "ఎండను అడుగు" అన్నాడు.

2వ రోజు

బరువు 54. జ్వరం లేదు. దగ్గు లేదు.

ఆరో బాయిలో, ఈ పాత బొగ్గు గనిలో, మూడు వేల మందిమి. స్కానింగ్ యంత్రం ఒకటే. ఒక మనిషికి ఫోటో తియ్యాలంటే ఒక లెవెల్ మొత్తానికి పూటంతా గాలి ఫ్యాను తిప్పేంత కరెంటు కావాలి. గాలి ముందు, ఫోటో తరవాత. ఎండ బాగా కాస్తే రోజుకు నలుగురు. మబ్బో దుమ్మో కమ్మితే ఎవరూ లేరు. తాతలు బొగ్గు కోసం కిందికి దిగేవారట. మేం ఎండ కోసం పైకి ఎక్కుతాం. బాయి అదే.

వంతు మాత్రం న్యాయంగానే ఉంది. ఆ న్యాయం నేను పెట్టించిందే. రెండేళ్ల క్రితం పని చేయించే ఓవర్‌మెన్లు కింది మనుషులను బెదిరించి వాళ్ల వంతులు లాక్కునేవారు. నేను కరపత్రం రాశాను. "వంతు బిళ్లది. ఇచ్చే హక్కు ఎవడికీ లేదు, పుచ్చుకునే హక్కు ఎవడికీ లేదు." ఎనిమిది లెవెళ్ల సభ చేతులెత్తి ఒప్పుకుంది. ఆ కాగితం ఇంకా స్కానింగ్ గది తలుపు మీద ఉందట. నా వంతు వచ్చిన రోజు దాని ముందు నేను నిలబడతాను, ముప్పై మంది తరవాత. ముప్పై మందిలో ఒక్కరిని కూడా దాటను. ఇది రాస్తుంటే గర్వంగానే ఉంది. మంచం మీద పడుకున్నాక మాత్రం గర్వం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

4వ రోజు

బరువు 53. జ్వరం లేదు. దగ్గు రెండుసార్లు. దుమ్ముదో మరి దేనిదో.

దగ్గు వచ్చిన ప్రతిసారీ లోపలికి వింటున్నాను. ఇరవై మూడేళ్లు నా ఒంటిని పట్టించుకోని వాడిని, ఇప్పుడు దొంగ కోసం కాపలా కాసినట్టు కాస్తున్నాను. చంకలో గడ్డ ఉందా? మెడ కింద? వేళ్లతో నొక్కి నొక్కి చర్మం కందింది. కందిన చోట వాపు కనపడింది. వాపు చూసి మళ్లీ నొక్కాను.

ఓదెలు వచ్చాడు. పక్క గల్లీలో ఉంటాడు, నాకన్నా మూడేళ్లు పెద్ద. అద్దాల చేనులో మాది ఒకే వరుస.

"ఏందిరా, కొత్త పెండ్లికొడుకు లెక్క ఒళ్లంత తడుముకుంటున్నవ్?"

"నవ్వకు."

"నీకేం గాదు. నీ నోరు జూస్తె రోగమే పారిపోతది. ఉపన్యాసం ఇస్తవని భయపడి."

వాడి వెనకే భార్య స్వరూప మక్క గట్క పట్టుకుని వచ్చింది. "తిను మరిదీ. ఈయన నిన్నటి సంది ఒక్కతీరుగ అంటున్నడు, సదిగాడు తింటలేడు, సదిగాడు తింటలేడని. ఈయన తినుడు మానిండు నీ రంధిల" అంది.

ఓదెలు బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జం ఉంది. "చూసినవా, నీ వల్ల నడుము సన్నవడ్డది" అని చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను.

7వ రోజు

బరువు 53. జ్వరం తెలియదు. థర్మామీటరు పక్క లెవెల్‌కు పోయింది.

వంతు పందొమ్మిది దగ్గర ఆగిపోయింది. పైన దుమ్ము లేచింది. పాత మట్టి గుట్టల నుంచి వస్తుంది ఆ దుమ్ము, ఎర్రగా, మూడు నాలుగు రోజులు ఆగదు. అద్దాలు తుడిచిన చేయి తీసేలోపే మళ్లీ మూసుకుపోతాయి. అయినా ఎక్కాం. తుడవకపోతే ఫ్యాన్లు ఆగుతాయి. ఓదెలు నా పక్క అద్దం తుడుస్తూ రెండుసార్లు కూర్చున్నాడు. "చెప్పులల్ల రాయి పడ్డది" అన్నాడు.

10వ రోజు

బరువు 52. ఇంకేం రాయను.

పందొమ్మిది. ఇంకా పందొమ్మిదే. ఫ్యాన్లు సగం వేగంతో తిరుగుతున్నాయి. గల్లీల్లో జనం మాట్లాడటం తగ్గించారు, ఊపిరి దండగని. నేను మాత్రం లోపల అరుస్తూనే ఉన్నాను. ఎవరి మీద? దుమ్ము మీదనా? దుమ్ము మీద కరపత్రం రాయలేం. నాకు శత్రువు కావాలి. ముఖం ఉన్న శత్రువు.

చనిపోతే ఏమవుతుందని నిన్న ఆలోచించాను. బిళ్ల కరిగించి ఇంకో నంబరు పోస్తారు. నేను రాసిన ఇరవై ఆరు కరపత్రాలు పొయ్యిలోకి పనికొస్తాయి. ఇంత చిన్న సంగతిని ఇన్నాళ్లూ విప్లవమని ఎలా అనుకున్నాను?

13వ రోజు

బరువు 52.

దుమ్ము తగ్గింది. నిల్వ గీత లేచింది. అయినా పొద్దున పందొమ్మిదో వంతును పిలవలేదు. నేను నేరుగా కిటికీ దగ్గరికి పోయి రెండు చేతులతో కొట్టాను.

"గీత లేచింది గదా! ఎందుకు పిలుస్తలేరు? ఎవని కోసం ఆపిన్రు? ఏ ఓవర్‌మెన్ బిడ్డకు?"

"ఏ ఓవర్‌మెన్ లేడు. యంత్రం ఇన్నొద్దులు ఆగి ఉండె, వేడెక్కాలె. పగటికి మొదలు పెడ్తరు" అన్నాడు కనకయ్య.

"అబద్ధం! రిజిస్టరు చూపియ్యి."

"ఏం మనిషివయ్యా నువ్వు! చూడు, కండ్ల నిండ చూడు." అతను రిజిస్టరు నా వైపు తిప్పి కొట్టినట్టు పెట్టాడు. పందొమ్మిది నుంచి ముప్పై ఒకటి దాకా వరసగా ఉన్నాయి. అందరూ మామూలు మనుషులు. నా గీత దగ్గర ఇలా రాసి ఉంది: "612. చుక్క తీసినది గత నెల 14, రెండో షిఫ్టు."

తీసిన తేదీ చీటీ మీద వేయరు. కొందరు ఆ రోజు ఏం తిన్నాం, ఎక్కడ తిరిగాం అని దయ్యాల లెక్కలు వేసుకుంటారని ఆపేశారు. మామూలుగా మేమూ ఎవరం గమనించం. షిఫ్టు ఎక్కేటప్పుడు బిళ్ల ఇచ్చి కిటికీ బెజ్జంలో వేలు పెడతాం. లోపలి సూది పెట్టె ఒంటి వేడి చూస్తుంది. మూడు నెలలకొకసారి, తనకు తోచిన రోజు, చుక్క రక్తం కూడా తీస్తుంది. చీమ కుట్టినంత. అది బిళ్లను చూస్తుంది, ముఖం చూడదు.

గత నెల పద్నాలుగు. ఆ తేదీ నాకు కంఠస్థం. ఫ్యాన్ల మీద నేను అచ్చు వేసిన కరపత్రం అడుగున అదే తేదీ ఉంది. ఆ రోజంతా మూడో లెవెల్‌లో అచ్చు పెట్టె దగ్గరే ఉన్నాను. పైకి ఎక్కలేదు.

నా బిళ్ల పట్టుకుని ఎక్కింది ఓదెలు.

దాన్ని మారు బిళ్ల అంటాం. ఒకరికి పనో నొప్పో ఉంటే సెలవులో ఉన్న ఇంకొకరు వాళ్ల బిళ్లతో పైకి వెళ్తారు. ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. ఆరో బాయిలో మనిషికీ మనిషికీ మధ్య అదొక్కటే మిగిలిందని నేనే ఎక్కడో రాశాను కూడా.

"ఏమైంది? మొఖం గట్లయ్యింది" అన్నాడు కనకయ్య.

"చుక్క మారిపోతే ఏం చేస్తరు సార్? ఊరికే అడుగుతున్న."

"ఏం చేస్తం? ఇద్దరి పేర్లు కొట్టేసి, వాళ్ల వరుస వచ్చినప్పుడు మళ్ల రక్తం తీస్తం. ఇప్పుడైతే ఆ వరుస వచ్చేటందుకే ఒక నెల. ఆ తరవాత కొత్త వంతు. ఎందుకు?"

"ఊరికే."

వెనక్కి నడిచాను. ఇది రాయాలి, ఎందుకంటే ఈ పుస్తకంలో ఒక్క నిజమైనా ఉండాలి. నాకు మొట్టమొదట కలిగింది సంతోషం. నాకు లేదు. నాకు లేదు! గల్లీ మలుపులో గోడకు ఆనుకుని నవ్వాను. ఇంటికి పోయి రెండు రొట్టెలు తిన్నాను, పన్నెండు రోజుల తరవాత రుచి తెలిసింది. రెండో రొట్టె సగంలో ఉండగా ఓదెలు బెల్టుకు పడ్డ బెజ్జం గుర్తొచ్చింది.

14వ రోజు

చెప్పలేదు.

ఓదెలు అద్దం తుడుస్తూ "ఇంకెన్ని?" అన్నాడు. "ఇరవై మూడు దాక వచ్చింది. నిల్వ ఇంక నిండలే, రోజుకు ఇద్దరు ముగ్గురినే తీస్తున్నరు" అన్నాను. "ఇగ నాలుగొద్దులల్ల నీ సంగతి తేలుతది" అని భుజం తట్టాడు. ఆ చేయి తేలికగా ఉంది.

15వ రోజు

చెప్పలేదు.

నాలో ఒకడు అంటున్నాడు: ముందు నీ ఫోటో తీయించుకో, ఏమీ లేదని తేలనివ్వు, అప్పుడు చెప్పు, నమ్మకంగా ఉంటుంది. వాడు చాలా తెలివిగా మాట్లాడుతున్నాడు. నేను సభల్లో మాట్లాడినట్టే.

16వ రోజు

బరువు (ఓదెలుది) 47. జ్వరం కొంచెం. దగ్గు చాలా.

చెప్పాను. ఇసుక తూచే కాటా దగ్గరికి తీసుకెళ్లి, ముందు వాడిని ఎక్కించి, అప్పుడు చెప్పాను. ఉపన్యాసం లేకుండా చెప్పడం నాకు రాదు. మధ్యలో మూడుసార్లు ఆగిపోయాను.

ఓదెలు మొదట పెద్దగా ఊపిరి విడిచాడు. "అంటే నువ్వు మంచిగున్నవ్" అన్నాడు. నిజంగా అన్నాడు. ముఖం వెలిగింది కూడా. ఆ తరవాత మెల్లగా కాటా దిగాడు.

"నీకెప్పుడు ఎరుకైంది?"

"మొన్నటి... అటుమొన్న."

"అటుమొన్న" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. దగ్గు వచ్చింది. నన్ను పట్టుకోనివ్వలేదు.

నేనే మొదలుపెట్టాను. "సభ పిలుస్తా. నిజం ఒప్పుకుంటా. రూలు మార్పిస్తా. చుక్క ఎవరిదో వంతు వాళ్లకే..."

"ఆగు" అన్నాడు. "సభ అంటే ఎనిమిది లెవెళ్ల జనం రావాలె. ఒగడు లేచి వద్దంటడు. ఇంకొగడు సవరణ అంటడు. చాయ్ రెండు పూటలియ్యాల్నా మూడు పూటలియ్యాల్నా అని తీర్మానం జేసెటందుకు మూడు నెలలు పట్టలేదా? నీ కాయితం నా పానం తీస్తదిరా."

"మరి?"

"నీ బిళ్ల ఇయ్యి. నీ పేరు మీద నేను పోత."

"అది తప్పు ఓదెలు. నేనే రాసిన, వంతు ఇచ్చే హక్కు..."

"చీటీ నా రక్తందేనాయె! నువ్వు నాకు ఏమిస్తున్నవ్? నాది నాకిస్తున్నవ్. ముప్పై రెండోడు ఒక్క గంట కూడ లేటు గాడు." వాడు నా కళ్లలోకి చూశాడు. "పద్నాలుగో తారీకు నీ తరపున ఎక్కిననాడు నేను రూలు చూసిన్నా?"

నేను రాసిన ఇరవై ఆరు కరపత్రాల్లో ఎక్కడా దానికి జవాబు లేదు.

17వ రోజు

బరువు (ఓదెలుది) 47. జ్వరం ఉంది. దగ్గు రాయడం మానేశాను, లెక్క తప్పుతోంది.

స్వరూపకు వాడే చెప్పుకున్నాడు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను.  తరవాత ఆమె వచ్చి, "నువ్వు పోయి రొట్టెలు తిన్నవా నాలుగొద్దుల కింద?" అని అడిగింది. "మా గల్లీల అందరు చెప్పిన్రు. సదయ్య మంచిగ తిన్నడు, మంచిగ నవ్విండు అని. నేను మొక్కుకున్న, వానికి తగ్గిందని."

అవునన్నాను. ఆమె లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

18వ రోజు

వంతు వచ్చింది.

ఓదెలు మెడలో నా బిళ్ల వేసుకున్నాడు. నేను వాడి బిళ్ల వేసుకుని, తోడు వచ్చినవాడిలా పక్కన నడిచాను. స్కానింగ్ గది తలుపు మీద నా కాగితం నిజంగానే ఉంది. అంచులు నల్లబడ్డాయి. ఓదెలు దాన్ని వేలితో తాకి, "అక్షరాలు మంచిగున్నయ్" అన్నాడు. ఎగతాళో కాదో తెలియలేదు.

యంత్రం నడిపేది సుగుణ సిస్టర్. యాభై ఏళ్లుంటాయి, జుట్టు బిగించి కట్టుకుంది. బిళ్ల తిప్పి చూసింది.

"ఆరువందల పన్నెండు. సదయ్య. కాయితాలు రాసెటోనివి నువ్వేనా?"

ఓదెలు నా వైపు చూడలేదు. "ఆ. నేనే సిస్టర్."

"పోయినేడు మా చెల్లె ప్రేమలతకు నలభై నాలుగో వంతు వచ్చింది. మా ఆయనకు ఆరోది. ఆయనకు మెడల చిన్న గడ్డ, రెండేండ్ల సంది పెరగలే తరగలే. నా వంతు ప్రేమకిస్త అన్నడు. ఇయ్యరాదన్నరు. నన్ను తీస్కపోయి గీ తలుపు మీది కాయితం చూపిచ్చిన్రు, నా తలుపే, నాకే చదివి వినిపిచ్చిన్రు." ఆమె గొంతు పెరగలేదు. చేతులు బల్ల మీద గుడ్డ సరిచేస్తూనే ఉన్నాయి. "నలభై నాలుగు వచ్చేనాటికి ఫోటో తీసేటందుకు మనిషి లేదు."

 ఓవర్‌మెన్ల సంగతి చెప్పాలనిపించింది. అప్పటి పరిస్థితి, బెదిరింపులు, లాక్కున్న వంతులు, అన్నీ నోటి దాకా వచ్చాయి. అన్నీ నిజాలే. నేను ఓదెలును, తోడు వచ్చినవాడిని, నాకు మాట్లాడే పని లేదు.

"తప్పయింది సిస్టర్" అన్నాడు ఓదెలు.

ఆమె వాడిని కాసేపు చూసింది. "అంగీ తీసి పండుకో. ఊపిరి బిగవట్టమన్నప్పుడు బిగవట్టు. నా కోపం మిషన్ల చూపియ్యను, భయపడకు" అంది. నన్ను బయటికి పంపింది.

బయట బల్ల మీద కూర్చున్నాను. నా తరవాత ముప్పై రెండో వంతు ఒక ముసలమ్మది. "లోపల మీవోళ్లా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను. "భయమైతుందా?" అంది. అవుతోందన్నాను. ఆమె తన చేతిసంచిలోంచి వేయించిన బఠానీలు తీసి నా అరచేతిలో పోసింది.  చేతిలోనే పట్టుకు కూర్చున్నాను.

తలుపు తీసుకుని సుగుణ సిస్టర్ వచ్చింది. వెనక్కి చేయి పెట్టి తలుపు మూసింది.

"ఎడమ ఊపిరితిత్తిల ఉంది. కోడిగుడ్డంత. కాలేయంల ఇంకో రెండు మచ్చలున్నయ్. పెద్ద డాక్టరు చూసి చెప్తడు గని, నేను ఇరవయ్యేండ్ల సంది చూస్తున్న." గొంతు తగ్గించింది. "ఇది నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా సదయ్యా?"

బఠానీలు నేల మీద దొర్లాయి. ముసలమ్మ వంగి ఏరడం మొదలుపెట్టింది.

"మీకెట్ల తెల్సు?"

"ఆయన తప్పయిందన్నడు గద. రాసెటోళ్లు అంత జల్ది అనరు."

"మరి తెల్సి కూడ..."

"పండుకున్నోడు రోగంతో ఉన్నడా లేడా అనేదే నేను చూసేది. బిళ్ల చూసేటందుకు కిటికీ ఉంది. రేపటి సంది మందు మొదలుపెట్టాలె, ఆరువందల పన్నెండు మీదనే రాస్త. పో. ఆయన ఒక్కడే ఉన్నడు లోపట."

ఆమెతో ఏదో అనాలి. ఆ మాట ఓదెలు నా తరపున అప్పటికే అనేశాడు. నేను మళ్లీ అన్నాను. చాలా చిన్నగా వచ్చింది గొంతు. ఆమె విన్నట్టే ఉంది, తలుపు తీసి పట్టుకుంది.

లోపల ఓదెలు బల్ల అంచున కూర్చుని అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఇన్నాళ్లూ పక్క అద్దం దగ్గరే ఉండి చూడలేదు.

"ఏమన్నది?"

"ఉన్నదట."

పై గుండీ పెట్టుకుని, వాడు నా ముఖంలోకి చూశాడు. పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది, ఎప్పుడూ నన్ను ఆటపట్టించే ముందు తిరిగేటట్టే.

"ఎవనికిరా, నీకా నాకా?"

"నీకు" అన్నాను.